మామయ్య మీటర్ల కొట్టు

కారులో మీటరు పనిచెయ్యడం లేదని ఎవరొచ్చినా మా మామయ్య ముందు డాష్‌బోర్డు జోలికి వెళ్ళేవాడు కాదు. డిక్కీ తెరిపించేవాడు. బానెట్ ఎత్తించేవాడు. గోనె పరుచుకుని బండి కింద దూరేవాడు. ఫ్యూజులు ఊడదీసి, వాటి కొసలు గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ పెట్టేవాడు. "మీటరుదేముందయ్యా, దానికి అందిన కబురు అది చెబుతుంది. కబురు ఎక్కడ ఆగిపోయిందో ముందు చూడాలి" అనేవాడు. అలా చూసేసరికే చాలా బళ్ళు బాగైపోయేవి, డాష్‌బోర్డు స్క్రూ ఒక్కటి కూడా కదలకుండానే. అలాంటి పనికి టీ డబ్బులే తీసుకుంటాడని అత్తయ్య సణిగేది.

విజయవాడ ఆటోనగర్‌లో ఆయన కొట్టు. లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య ఒక చిన్న రేకుల గది. నేను హైస్కూల్లో ఉన్న రోజులు, 1980ల మొదలు. వేసవి సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్ళడం పేరుకే, పగలంతా ఆ గదిలోనే ఉండేవాణ్ణి. బయట డెంటింగ్ సుత్తుల మోత, వెల్డింగ్ మెరుపులు, గాల్లో పెయింటు వాసన. లోపలికొస్తే మాత్రం వాచీలు బాగుచేసేవాడి కొట్టులో కూర్చున్నట్టే ఉండేది. బల్ల మీద తెల్ల గుడ్డ, దాని మీద వరసగా చిన్న చిన్న స్క్రూలు, కంటికి పెట్టుకునే భూతద్దం, గాజు గిన్నెలో పెట్రోలు, పక్కనే ఒంటె వెంట్రుకల బ్రష్షు. గోడకి మేకులు కొట్టి మీటర్లు వేలాడదీసేవాడు. అంబాసిడర్‌వి, ఫియట్‌వి, జీపువి, ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియని వ్యాన్లవి. మైళ్ళలో ఉన్నవి కొన్ని, కిలోమీటర్లలో ఉన్నవి కొన్ని. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి దేశమంతా కిలోమీటర్లకి మారినా, అంతకుముందు బళ్ళు మైళ్ళ మీటర్లతోనే తిరుగుతుండేవి. అలాంటి వాటిల్లో 25 పక్కన 40, 50 పక్కన 80 అని పసుపు రంగు పెయింటుతో సన్నగా రాసిచ్చేవాడు మామయ్య. ఆ అంకెలు అచ్చు వేసినవే అనుకునేవారు జనం.

ఎక్కువగా వచ్చేవి అంబాసిడర్లే. కలకత్తా పక్కన ఉత్తరపాడలో, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లండు కారు అచ్చులో పుట్టిన కారు అది. 1950ల చివర మొదలై 2014 దాకా తయారైంది. అంతకాలం నడిచిన బండి కాబట్టి ఏ మోడల్లో ఏ మీటర్లు పెట్టారన్నది మామయ్యకే ఒక పెద్ద లెక్క. పైగా టాక్సీల్లో అసలు మీటర్లు ఎప్పుడో పోయి, దొరికినవి బిగించి ఉండేవి. అందుకే బండి పేరుని బట్టి కాక, మీటరు ప్రవర్తనని బట్టి పని మొదలుపెట్టేవాడు.

పెట్రోలు మీటరే తీసుకోండి. "ఎప్పుడు చూసినా ఖాళీ అంటోంది మేస్త్రి గారూ" అని డ్రైవరు వస్తాడు. మామయ్య కీ తిప్పించి ముల్లు వైపు చూసేవాడు. తిప్పగానే టక్కున ఎగిరే ముల్లయితే అది పాత రకం, లోపల రాగి తీగ చుట్టలుంటాయి. నెమ్మదిగా పాకుతూ లేచే ముల్లయితే బైమెటల్ రకం. అంటే రెండు లోహాల పట్టీ ఒకటి కరెంటుకి వేడెక్కి వంగుతూ ముల్లుని తోస్తుంది. ఈ రెండింటి లక్షణం సరిగ్గా తిరగేసి ఉంటుంది. ట్యాంకు దగ్గర వైరు ఊడదీస్తే పాత రకం ఫుల్ చూపిస్తుంది, బైమెటల్ ఖాళీ చూపిస్తుంది. అదే వైరుని బాడీకి తాకిస్తే పాతది ఖాళీకి పడుతుంది, బైమెటల్ ఫుల్ దాకా పోతుంది. ఇది తెలియక మంచి మీటర్లని పారేసినవాళ్ళు ఎందరో.

నా ఉద్యోగం డ్రైవరు సీట్లో కూర్చుని ముల్లు చూసి చెప్పడం. మామయ్య డిక్కీలో తల దూర్చి వైరు బాడీకి తాకించి "ఏరా అల్లుడూ, లేచిందా?" అని కేకేసేవాడు. "లేస్తోంది మామయ్యా, సగానికొచ్చింది" అని నేను. "చాలు" అని వెంటనే తీసేసేవాడు. బైమెటల్ మీటరుకి అలా ఎక్కువసేపు పట్టి ఉంచితే లోపలి తీగ కాలిపోతుందని. ముల్లు లేచిందంటే మీటరూ, వైరూ రెండూ బాగున్నట్టే. ఇక దోషం ట్యాంకులో పెట్రోలు మీద తేలుతూ మట్టం చెప్పే ఫ్లోట్ యూనిట్‌ది, లేదా దానికి ఎర్త్, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి, అందకపోవడం. ట్యాంకు బిగించిన చోట తుప్పు పట్టినా, కొత్తగా పెయింటు కొట్టినా ఎర్త్ దొరకదు. యూనిట్ నుంచి బాడీకి విడిగా ఒక నల్ల వైరు లాగేవాడు. అంతే, పని అయిపోయింది.

ఎర్త్ బాగున్నా ఖాళీయే చూపిస్తే యూనిట్ బయటికి తీసేవాడు. ఇత్తడి ఫ్లోటుని చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. లోపల పెట్రోలు కదిలిన చప్పుడు వినిపిస్తే ఫ్లోటుకి చిల్లు పడి మునిగిపోతోందన్నమాట. ఆ చిల్లు కంటికి ఆనదు. అందుకని దూరంగా పొయ్యి మీద కాచిన నీళ్ళని గిన్నెలో పోయించుకుని, మంట దరిదాపుల్లో లేకుండా చూసుకుని, ఫ్లోటుని అందులో ముంచేవాడు. లోపలి గాలీ, పెట్రోలు ఆవిరీ వేడికి ఉబ్బి ఒక చోట నుంచి సన్నటి బుడగలు వరసగా పైకొచ్చేవి. అక్కడ పెన్సిలుతో గుర్తు. లోపలి పెట్రోలంతా పోయేదాకా మళ్ళీ మళ్ళీ వేడి నీళ్ళలో పెట్టి, ఎండలో ఆరబెట్టి, మర్నాడు గానీ టంకం వేసేవాడు కాదు. డ్రైవర్లు తొందరపెట్టినా వినేవాడు కాదు. "పెట్రోలు తాగిన డబ్బా ఇది. నా చెయ్యి నాక్కావాలి" అనేవాడు.

పెట్రోలు ముల్లూ, ఇంజన్ వేడి చూపే ముల్లూ రెండూ ఒకేసారి తప్పు చెప్పడం మొదలుపెడితే రెండు మీటర్లనీ వదిలేసి నేరుగా వోల్టేజ్ స్టెబిలైజర్ దగ్గరికి వెళ్ళేవాడు. బైమెటల్ మీటర్లున్న బళ్ళలో డాష్ వెనక చిన్న రేకు డబ్బా ఉంటుంది. బ్యాటరీ వోల్టేజీ ఎంత ఎగిరి పడ్డా అది మీటర్లకి సగటున 10 వోల్టులే అందిస్తుంది. దానికి ఎర్త్ పోతే రెండు ముళ్ళూ కలిసి పైకెక్కి కూర్చుంటాయి. ఇంజన్ కాగిపోతోందని హడలి వచ్చినవాళ్ళని ఆ డబ్బా స్క్రూ ఒక్కటి బిగించి పంపేశాడు మామయ్య.

ఇక మీటరు బయటికి తియ్యక తప్పదని తేలాక ఆయన తీరే మారిపోయేది. మాటలు తగ్గేవి. ముందు చేతి ఉంగరం, వాచీ తీసి నా జేబులో వేసేవాడు. తర్వాత బ్యాటరీ దగ్గరికి వెళ్ళి ఎర్త్ వైపు టెర్మినల్ ఊడదీసేవాడు. ఆ వైపు ముందు ఎందుకంటే, పానా జారి బాడీకి తగిలినా నిప్పు రవ్వలు రావు. కరెంటు ఎంత పోతోందో చూపే ఆంపియర్ మీటరున్న బళ్ళలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. కీ తీసేసినా ఆ మీటరు వెనక నట్లలో బ్యాటరీ కరెంటు నిండుగా ఉంటుంది. సెల్ఫ్ మోటారు తీసుకునేది తప్ప దాదాపు బండి కరెంటంతా దాని గుండానే పోతుంది. వేలికున్న ఉంగరం ఆ నట్టుకీ డాష్ రేకుకీ మధ్య తగిలిందంటే ఉంగరం క్షణంలో ఎర్రగా కాలిపోతుంది. ఆటోనగర్‌లో అలా వేలు కాల్చుకున్న ఎలక్ట్రీషియన్‌ని చూపించి మరీ చెప్పాడు నాకు.

ఆ తర్వాత దారాలు. అత్తయ్య కుట్టుమిషను డబ్బా నుంచి తెచ్చుకున్న రంగు దారాలు ఆయన దగ్గర ఉండేవి. ఊడదీసే ప్రతి వైరుకీ ఒక రంగు ముడి, సిగరెట్ పెట్టె లోపలి కాగితం మీద అదే రంగు పేరుతో ఒక బొమ్మ. నిజానికి ఇంగ్లీషు పద్ధతి వైరింగున్న కార్లలో వైరు రంగే దాని పని చెబుతుంది. నల్లది ఎర్త్, గోధుమ రంగు నేరుగా బ్యాటరీ నుంచి, తెల్లది ఇగ్నిషన్, ఆకుపచ్చ ఫ్యూజు దాటి వచ్చే కరెంటు, ఎర్రది పార్కింగ్ లైట్లకీ డాష్ బల్బులకీ. కానీ పదేళ్ళు రోడ్డు మీద తిరిగిన టాక్సీలో ఆ రంగులెక్కడివి? ఎవరి చేతికి ఏ వైరు దొరికితే అది కలిపి టేపు చుట్టి ఉండేవారు. అందుకే రంగుని నమ్మొద్దు, దారాన్ని నమ్ము అనేవాడు.

గుండ్రటి మీటర్లని వెనక నుంచి ఒక వంపు పట్టీ పట్టి ఉంచుతుంది. దానికి అంచున గరుకు గీతలున్న చిన్న నట్లు రెండు. సీటు వెనక్కి జరిపి, నేల మీద వీపు ఆనించి, కాళ్ళు సీటు మీదకి వేసి, తల పెడళ్ళ దగ్గర పెట్టుకుని పైకి చెయ్యి దూర్చాలి. కంటికి ఏమీ కనిపించదు, వేళ్ళతోనే చూడాలి. స్పీడోమీటరు కేబుల్ నట్టు కూడా అలాంటిదే. దాన్ని వేళ్ళతో తప్ప కటింగ్ ప్లయర్‌తో ముట్టుకోనిచ్చేవాడు కాదు. ప్లయర్ పెడితే గీతలు అరిగిపోతాయి, ఆ తర్వాత ఎవరి వేళ్ళకీ పట్టు దొరకదు. కేబుల్ కూడా ముందుకి సాగదు. ఇంజన్ వైపు రేకు దగ్గర దాన్ని పట్టుకున్న క్లిప్పు వదులు చేసి, అటునుంచి కాస్త తోస్తేనే మీటరు బయటికొచ్చేంత జాగా దొరుకుతుంది. నా వేళ్ళు సన్నగా ఉండేవి కాబట్టి రెండో ఏడాది నుంచి ఆ నట్టు విప్పే పని నాదైంది. మొదటిసారి మీటరు పట్టు వదిలి నా అరచేతిలోకి జారినప్పుడు దాని బరువు చూసి ఆశ్చర్యపోయాను. బయటికి ఒక అద్దం, ఒక ముల్లులా కనిపించేది, వెనక అంత ఇనుము, ఇత్తడి మోస్తోందా అని.

స్పీడోమీటరు లోపల సంగతి విన్నప్పుడైతే నాకు నమ్మబుద్ధి కాలేదు. గేరుబాక్సు దగ్గర మొదలైన కేబుల్ తిరుగుతూ వచ్చి మీటరులో ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని మీద బోర్లించినట్టు అల్యూమినియం గిన్నె. ముల్లు ఉన్నది ఆ గిన్నెకి. అయస్కాంతం గిన్నెని ఎక్కడా తాకదు. అల్యూమినియం అయస్కాంతానికి అంటుకునేదీ కాదు. అయినా అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో పుట్టే కరెంటు దాన్ని వెంట లాక్కుపోతుంది. వెంట్రుకలాంటి స్ప్రింగు ఒకటి వెనక్కి లాగుతుంది. ఆ రెండు లాగుళ్ళూ ఎక్కడ సరితూగితే ముల్లు అక్కడ నిలుస్తుంది. తర్వాతెప్పుడో కాలేజీలో ఎడ్డీ కరెంట్ల పాఠం చెబుతుంటే, నా కళ్ళ ముందు మామయ్య బల్ల మీద తెరిచి పెట్టిన మీటరే ఉంది.

ముల్లు ఒకచోట నిలవక 40కీ 60కీ మధ్య ఊగుతోందంటే కేబుల్ ఎండిపోయింది, లేదా ఎక్కడో మెలిక పడింది. లోపలి తీగ బయటికి లాగి, కిరసనాయిలుతో కడిగి, నేల మీద దొర్లించి చూడాలి. ఎక్కడైనా ఎగిరెగిరి పడితే అక్కడ వంగిపోయినట్టు. బాగుంటే గ్రీజు పల్చగా పట్టించాలి, అదీ కింద మూడింట రెండు వంతులకే. మీటరు వైపు కనీసం జానెడు పొడి తీగ వదిలెయ్యాలి. ఆ తీగ మీద స్క్రూకి ఉన్నట్టు చుట్లుంటాయి కాబట్టి తిరిగేకొద్దీ గ్రీజు తనంతట తానే పైకెక్కుతుంది. ఎక్కువ పూస్తే అది మీటరులోకి దూరి గిన్నెకి అంటుకుంటుంది, ఇక ముల్లు బరువెక్కి కదలదు. మామయ్య దగ్గరికొచ్చిన స్పీడోమీటర్లలో చాలావాటికి వచ్చిన రోగం అదే, ఎవరో ప్రేమగా పూసిన గ్రీజు.

మీటరు తెరవడం ఆయన ఒక్కడే చేసేవాడు. ముందున్న స్టీలు రింగు అంచుని వెనక్కి మడిచి బిగించి ఉంటారు. పదును లేని చిన్న స్క్రూడ్రైవరుతో ఆ మడతని ఒక్కసారే ఎత్తకుండా, కాస్త కాస్త లేపుతూ రింగు చుట్టూ తిరిగిరావాలి. మళ్ళీ ఇంకో చుట్టు. తొందరపడితే రింగు వంకర పోతుంది. అద్దం కింది రబ్బరు రింగు ఎండి పొడిపొడి అయి ఉండేది. సైకిలు ట్యూబు కత్తిరించి కొత్తది చేసేవాడు. డయల్ మీద అంకెల్ని స్పిరిట్‌తో గానీ పెట్రోలుతో గానీ తుడవనిచ్చేవాడు కాదు, అచ్చు లేచిపోతుందని. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపడమే. రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి కొన్ని మీటర్లలో అంకెలకి రేడియం పూత ఉంటుంది. అలాంటివాటిని గీకనే కూడదు, ఊదనే కూడదు. మామయ్య వాటిని అసలు తెరిచేవాడే కాదు.

అన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది ఒక జీపు. యుద్ధం తర్వాత మిలటరీ వాళ్ళు అమ్మేసిన విల్లీస్ జీపుల్లో ఒకటి, ఒక రైతుది. ఆ జీపు డాష్ మధ్యలో స్పీడోమీటరు, చుట్టూ నాలుగు చిన్న మీటర్లు ఉంటాయి. పెట్రోలు, ఆయిల్ ప్రెషరు, వేడి, ఆంపియర్. ఆయిల్ ప్రెషరు మీటరుకి కరెంటుతో సంబంధం లేదు. ఇంజన్ నుంచి సన్నటి గొట్టంలో ఆయిలే నేరుగా మీటరు దాకా వస్తుంది. విప్పేముందు కింద పాత గుడ్డ పరచకపోతే ఆ నల్లటి ఆయిలు సీటు మీదా, కాళ్ళ మీదా కారుతుంది. వేడి మీటరుది ఇంకో సంగతి. ఇంజన్లో ఒక చిన్న రాగి బుడ్డి, దాన్నుంచి మీటరు దాకా దారమంత సన్నటి రాగి గొట్టం, లోపల ఈథర్. ఇంజన్ వేడికి ఈథర్ ఆవిరై నెట్టే ఒత్తిడికే ముల్లు లేస్తుంది. బుడ్డీ, గొట్టం, మీటరూ మూడూ కలిపి ఒకే వస్తువు. మీటరు తియ్యాలంటే ముందు ఇంజన్ నుంచి బుడ్డి తీసి, గొట్టాన్ని ఎక్కడా మడత పడకుండా రేకు కన్నంలోంచి నెమ్మదిగా ఇవతలికి తేవాలి. ఆ జీపు విషయంలో ఎవరో ఆ గొట్టాన్ని వైరనుకుని కత్తిరించేశారు.

కొత్త మీటరు దొరకదు. రైతు దాన్ని వదులుకోడు. మామయ్య స్క్రాపులోంచి మీటరు పాడైనా బుడ్డి, గొట్టం బాగున్నది ఒకటి సంపాదించాడు. దాన్ని కోసి, ఈ మీటరు గొట్టానికి అతకాలి. ఈథర్ 35 డిగ్రీలకే మరిగిపోతుంది. బెజవాడ మే నెలలో గొట్టం కోశామంటే ఉన్నదంతా గాల్లో కలిసిపోతుంది. అందుకని తెల్లవారకముందే ఐసు ఫ్యాక్టరీ నుంచి గోనెలో ఐసు గడ్డ తెప్పించాడు. పగలగొట్టి, రాళ్ళ ఉప్పు కలిపి, అల్యూమినియం గిన్నెలో బుడ్డిని పూర్తిగా పూడ్చిపెట్టాడు. గిన్నె పైకెత్తకుండా పట్టుకోవడం నా పని. చేతులు కొయ్యబారిపోయాయి. పక్క షెడ్డులో బీడీ కాలుస్తున్న కుర్రాణ్ణి రోడ్డు అవతలికి పంపించేశాడు. ఈథర్ ఎంత తొందరగా అంటుకుంటుందో నాకు అప్పుడే చెప్పాడు.

గొట్టం కొసలు రెండూ బ్లేడుతో మెరిసేదాకా గీకాడు. సన్నటి ఇత్తడి తొడుగు ఒక కొసకి ఎక్కించి, రెండో కొస అందులోకి దూర్చి, ఎక్కడో దూరంగా కాల్చి తెచ్చిన ఇనప కడ్డీతో టంకం పెట్టాడు. టంకం ఎక్కువైతే గొట్టం కన్నం మూసుకుపోతుంది, తక్కువైతే ఈథర్ కారిపోతుంది. కడ్డీ ఒకసారి ఆనించాడు, అంతే. మెరిసే చుక్క తొడుగు చుట్టూ పాకి ఆగిపోయింది. ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. చల్లారాక బుడ్డిని ఐసులోంచి తీసి తుడిచి, ముందు మామూలు నీళ్ళలో, తర్వాత వేణ్ణీళ్ళలో, చివరికి మరుగుతున్న నీళ్ళలో పెట్టాడు. ముల్లు ఒక్కో గీతా దాటుకుంటూ వెళ్ళి నీళ్ళు మరిగే వేడి, 212 ఫారెన్‌హీట్ దగ్గర నిలబడింది. మామయ్య ఏమీ అనలేదు. మళ్ళీ చల్లటి నీళ్ళలో పెట్టి, ముల్లు కిందికి దిగిందాకా చూసి, "ఇక టిఫిన్ తిందాం పద" అన్నాడు. ఆ రోజు తిన్న ఇడ్లీ రుచి వేరే.

ఒక పని మాత్రం ఆయన చెయ్యలేదు. కారు అమ్మేముందు తిరిగిన కిలోమీటర్లు తగ్గించమని వచ్చేవాళ్ళు. బాగా డబ్బిస్తామనేవాళ్ళు. ఐదంకెల చక్రాలు, వాటి మధ్య చిన్న పళ్ళ చక్రాలు, తెరిచిన మీటరులో ఏ అంకె కావాలంటే ఆ అంకె పెట్టడం ఆయనకి ఎంతసేపు? "కొనేవాడు మీ బండి ముఖం చూడడు, ఈ అంకె చూస్తాడు. నా చేత్తో వాణ్ణి మోసం చేయించకండి" అని పంపించేసేవాడు. రిపేరులో చక్రాలు విప్పాల్సి వస్తే, విప్పకముందు అంకె కాగితం మీద రాసి ఓనరుతో సంతకం పెట్టించుకునేవాడు. టాక్సీ ఓనర్లకీ డ్రైవర్లకీ మధ్య ఈ అంకె మీదే తగాదాలు. సొంత బేరానికి వెళ్ళేటప్పుడు కేబుల్ నట్టు విప్పేసి, తిరిగొచ్చాక బిగించే డ్రైవర్లుండేవారు. ఓనరు అనుమానపడితే మామయ్య ఆ నట్టు మీద సన్నటి ఇత్తడి తీగ చుట్టి సీసపు ముద్ర నొక్కి ఇచ్చేవాడు. డ్రైవర్లకి ఆయన మీద కోపం రాలేదు. మీటరు ఆగిపోతే డ్రైవరు తప్పు కాదని చెప్పేవాడూ ఆయనే కదా.

ముల్లు చూసి బండి నడపడం ఆ తరం డ్రైవర్లకి చేతికొచ్చిన విద్య. మేమంతా అంబాసిడర్లో తిరుమల వెళ్ళినప్పుడు చూశాను. 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు దిగేవాళ్ళకి, 1974లో వచ్చిన రెండోది ఎక్కేవాళ్ళకి. అలిపిరి దాటి మలుపులు మొదలయ్యాక మా డ్రైవరు కళ్ళు రోడ్డు మీద ఎంతసేపున్నాయో, వేడి ముల్లు మీదా అంతసేపు ఉన్నాయి. ముల్లు పైకెక్కుతుంటే సెకండ్ గేరులోనే తొందరపడకుండా లాగించాడు. ఒకచోట బండి పక్కకి ఆపి బానెట్ తెరిచి ఊరుకున్నాడు, రేడియేటర్ మూత ముట్టుకోలేదు. వెనక సీట్లోంచి మామయ్య నాకు నేర్పిన సంగతి అప్పటిదే. పైనున్న ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే చల్లబడిందని సంతోషపడకూడదు. నీళ్ళన్నీ పోయి బుడ్డి గాల్లో ఉందేమో చూసుకోవాలి. ఇంజన్ అప్పుడే కాలిపోయేది.

1983 డిసెంబరులో మారుతీ వచ్చింది. మెల్లగా ఆటోనగర్‌కి కూడా వచ్చింది. మీటర్లన్నీ ఒకే ప్లాస్టిక్ డబ్బాలో, వెనక వైర్ల బదులు పలచటి ప్లాస్టిక్ పొర మీద అచ్చు వేసిన రాగి గీతలు. పాడైతే డబ్బా మొత్తం మార్చేయడమే. మామయ్య వాటినీ నేర్చుకున్నాడు, తెగిన గీతల మీద సన్నటి తీగ వేసి టంకం పెట్టేవాడు. కానీ ఆ పని చేసేటప్పుడు ఆయన ముఖంలో పాత మీటరు తెరిచినప్పటి కళ కనిపించేది కాదు. 1990ల చివర కొట్టు మూసేశాడు.

ఇప్పుడు నా దగ్గర 1986 మోడల్ అంబాసిడర్ మార్క్ 4 ఉంది. బ్యాటరీని చార్జి చేసే పాత డైనమో తీసేసి, దాని బదులు ఆల్టర్నేటరు పెట్టించిన బండి. పోయిన ఏడాది ఒక ఎలక్ట్రీషియన్ డాష్ బల్బులన్నీ మసకగా ఉన్నాయని ఎల్‌ఈడీలు వేశాడు. చూడ్డానికి బాగుంది. కానీ ఆ మర్నాటి నుంచి బ్యాటరీ దిగిపోవడం మొదలైంది. పొద్దున్నే ఇంజన్ గట్టిగా రేస్ చేస్తే తప్ప చార్జింగ్ మొదలయ్యేది కాదు. ఆల్టర్నేటరు విప్పి చూడాలన్నారు అందరూ. మామయ్యకి ఫోన్ చేశాను. రెండు కళ్ళకీ ఆపరేషన్ అయింది, చిన్న అక్షరాలు చదవలేడు గానీ మాట అదే.

"ఆ చార్జింగ్ ఎర్ర బల్బు కూడా మార్చాడా?"

"మార్చాడు మామయ్యా."

"అదే మరి. ఆల్టర్నేటరు పని మొదలుపెట్టాలంటే మొదటి కరెంటు ఆ బల్బులోంచే వెళ్ళాలి. మీ కొత్త దీపాల్లోంచి పోయే కరెంటు దానికి చాలదు. 2.2 వాట్ల పాత బల్బు ఒకటి తెచ్చి అక్కడ పెట్టు. మిగతావి నీ ఇష్టం."

పాత బల్బు హైదరాబాదు రాణిగంజ్‌లో దొరికింది. డాష్ కింద వీపు ఆనించి, హోల్డరు వేళ్ళతో వెతికి, మార్చాను. కీ తిప్పగానే ఎర్రగా వెలిగింది, ఇంజన్ స్టార్ట్ అవగానే ఆరిపోయింది, చార్జింగ్ వచ్చేసింది. అదే ఊపులో మిగతా ఎల్‌ఈడీలు కూడా తీసేసి పాత బల్బులే వేశాను. స్పీడోమీటరు మాత్రం కాస్త ఎక్కువ చూపిస్తోంది, ముల్లు 60 దగ్గరుంటే ఫోన్‌లో జీపీఎస్ 55 అంటుంది. ఆ సంగతీ చెబితే, "ఎక్కువ చూపిస్తే మంచిదేరా, తక్కువ చూపించినప్పుడు తీసుకురా, అయస్కాంతం సంగతి చూద్దాం" అన్నాడు. ఆయన పనిముట్ల పెట్టె పెనమలూరులో వాళ్ళ అటక మీదే ఉందట, ఎవరికీ ఇవ్వలేదట. దసరాకి వెళ్ళినప్పుడు దాన్ని దించి, తుప్పు తుడిచి, నూనె రాసి పెట్టాలి.